ఒకటే ముసుగు, రెండు మొహాలు

నేను ఒక ముసుగుని. చిరిగిన గొడుగు గుడ్డకు కళ్ళ దగ్గర రెండు కంతలు పెట్టి నన్ను కుట్టారు. ఇప్పుడు ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసన పీలుస్తూ పడివున్నాను. గొడుగుగా ఉన్నన్నాళ్ళూ పరువుగానే బతికాను. నాటకాల్లోకి వచ్చాకే సిగ్గంటే ఏమిటో తెలిసింది.

తెనాలి వైపు పానకాలరావుగారి నాటక సమాజం ఆడే సంగీత నాటిక అది, ముప్పావుగంటే. బందిపోటు షావుకార్ల గాదెలు కొల్లగొట్టి పేదలకు పంచుతాడు. చివర్లో ముసుగు తీస్తే ఊరి మునసబే! ఆ వేషం పానకాలరావుగారిది. ఆయన గొంతుకు జబ్బు చేసింది. గొంతు పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఆ పేరు లేకపోతే నాటికను పిలిచేదెవరు? అందుకని ఆయన భార్య తాయారమ్మ నల్ల అంగీ తొడిగి, తలపాగా చుట్టి, నన్ను కట్టుకుని పద్యాలన్నీ పాడేది. ఖంగుమనే గొంతు. ఆడమనిషని ఎవరికీ అనుమానం రాలేదు. ఆఖరి పద్యం కాగానే ఆమె స్తంభం చాటుకు తప్పుకునేది. అక్కడ అదే వేషంలో కాచుకునున్న ఆయన, ఆమె చెమట ఆరకముందే నన్ను తన మొహానికి కట్టుకుని, బయటికొచ్చి లాగేసేవాడు. చప్పట్లూ ఆయనకే, దండలూ ఆయనకే. సొమ్మొకడిది, సోకొకడిది. ఆయన గుప్పిట్లో నలుగుతూ నేను తలొంచుకునేదాన్ని.

జనం వన్స్ మోర్ కొడితే పద్యం మళ్ళీ పాడాల్సిందే. కాదంటే సభను అవమానించినట్టు. మామూలుగా పద్యం అయీ అవకముందే కొట్టేవాళ్ళు, తాయారమ్మే మళ్ళీ అందుకునేది. ఒక ఏడు నాటక పరిషత్తు పోటీల్లో మాత్రం ఆయన నన్ను లాగేశాక కొట్టారు. హార్మోనియం శ్రుతి అందించింది. ఆయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"నేనందుకుంటా, మీరు పెదాలు ఆడించండి," అని చాటునుంచి తాయారమ్మ గుసగుసలాడింది.

ఆయనకేం తోచిందో, ఆమె చెయ్యి పట్టుకుని దీపాల ముందుకు తీసుకొచ్చాడు. "పాడింది నేను కాదండీ. మా ఆవిడ, తాయారు."

ఆ మాటకు ఆయన మీద నాకెంత ప్రేమ పుట్టుకొచ్చిందో! ఎంతోసేపు నిలవలేదు. ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచాడు.

"అట్టాగైతే ఆ ముసుగు మళ్ళీ కట్టి పాడించవయ్యా! ఆడమనిషి మొహం చూస్తా బందిపోటు పద్యం ఏం వింటాం?"

జనం గొల్లుమన్నారు. పానకాలరావుగారి చెయ్యి, నాతో సహా, ఆమె మొహం వైపు లేచింది. సిగ్గుతో నాకు ప్రాణం చచ్చిపోయింది.

తాయారమ్మ నన్ను ఆయన చేతిలోంచి తీసుకుంది. "ఇయ్యాళ మీరు కట్టుకోండి," అంటూ ఆయన మొహానికే కట్టి, వెనక ముడి బిగించింది. తలపాగా తీసేసి, జడ ముందుకు వేసుకుని, ఆ పెద్దమనిషి కళ్ళలోకి చూస్తూ పద్యం ఎత్తుకుంది.

ఎవరు మెచ్చారో, ఎవరు లేచిపోయారో నేను చూడలేదు. నా కింద ఆయన బుగ్గలు కాలిపోతున్నాయి. పద్యం అయింది, తెర పడింది, అందరూ మొహాల రంగు కడుక్కున్నారు. ఆయన మాత్రం నన్ను విప్పలేదు.