ఎలుకల బిళ్ళలు

మా గురువు ఉవోజుమి సెన్సే తొయామాలో మతిమరుపు పోగొట్టే మందు మీద పరిశోధన చేస్తూనే తల నెరిసిపోయాడు. పాతకాలపు వేళ్ళ కషాయం అది. దాని వాసనకే ముక్కు మూసుకోవాలి. ఆయన రోజూ పొద్దున్నే ఒక కప్పు తాగుతాడు, సాయంత్రం గొడుగు మరిచిపోయి ఇంటికెళ్తాడు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించే ధైర్యం మా ల్యాబులో ఎవరికీ లేదు. ఆయన అసిస్టెంటుని, నాకు అసలే లేదు.

మార్చిలో ఆయన రిటైరవుతున్నాడు. మతిమరుపు ఎలుకల మీద చివరి పరీక్ష ఒకటి మిగిలింది. అది నెగ్గితేనే జీవితమంతా పడ్డ శ్రమకు ఫలితం. ఆ వేళ్ళు ఇక దొరికేవి కావు. అందుకని ఉన్నదంతా నూరి, పిండిలో కలిపి, బిళ్ళలుగా కాల్చాడు.

సోమవారం నేను వెళ్ళేసరికి టీ బల్ల మీద క్యోటో మిఠాయిల రేకు డబ్బా ఉంది. అంతకుముందే సెన్సే క్యోటో సదస్సుకు వెళ్ళొచ్చాడు. ఊరెళ్ళినవాళ్ళు అందరికీ మిఠాయి తెచ్చి ఆ బల్ల మీద పెట్టడం, మిగతావాళ్ళు అడక్కుండా తలా ఒకటి తీసుకోవడం మాకు మామూలే. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. చేదు విషం.

"క్యోటోవాళ్ళ రుచులు పెద్ద తరహా," అంది ఆఫీసు పని చూసే తోగాషి గారు, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. "మనబోటి వాళ్ళకి ఓ పట్టాన ఎక్కవు."

సీనియర్ పరిశోధకుడు మినోదా పంతం కొద్దీ ఇంకోటి తీసుకున్నాడు. మిగిలిస్తే పెద్దాయన నొచ్చుకుంటాడని అందరం కలిసి డబ్బా ఖాళీ చేసి, కడిగి బోర్లించాం.

మధ్యాహ్నం సెన్సే వచ్చాడు. "నా ఎలుకల బిళ్ళలేవీ? చేతికందిన ఖాళీ డబ్బాలో వేసి ఇక్కడే పెట్టానే."

అందరి చూపులూ బోర్లించిన డబ్బా మీదికి పోయాయి.

"ఎవరైనా తిన్నారా?"

"గుర్తులేదండీ," అంది తోగాషి గారు.

"నాకూ సరిగ్గా గుర్తు రావట్లేదు సెన్సే," అన్నాడు మినోదా.

నేనూ అదే అన్నాను, పిరికిదాన్ని.

మినోదా గడ్డానికి అంటుకున్న పొడి చూసి సెన్సే కుర్చీలో కూలబడ్డాడు. బిళ్ళలు పోయినందుకు కాదు. "తిన్న పూటే గుర్తులేకపోతే," అన్నాడు మెల్లగా, "ఇన్నేళ్ళూ నేను కాచింది ఉత్త చేదు నీళ్ళేనా?"

తోగాషి గారు గబగబా లేచి క్షమాపణగా నడుం వంచింది. "ఇప్పుడు గుర్తొచ్చిందండీ. రెండు తిన్నాను. ఒకటి కిటికీ దగ్గర నిలబడి. రెండోది విరిగి, ముక్క చెప్పులో పడింది."

"నేను ఐదు," అన్నాడు మినోదా. "తింటుంటే ట్రామ్ గంట వినిపించింది. మా మూడో తరగతి టీచరమ్మ పేరు కూడా గుర్తొస్తోంది."

నేను పోయినేడు ఆయన మరిచిపోయిన గొడుగుల రంగులన్నీ వరసగా అప్పజెప్పాను.

అప్పుడే సెలవు ముగించుకుని వచ్చిన మా ల్యాబు కుర్రాడు కుసానో, సప్పోరో బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని, మా మాటలు విని గుమ్మంలోనే వంగాడు. "నేనూ రెండు తిన్నాను సెన్సే. భలే చేదు."

"నువ్వు పొద్దున సప్పోరోలో ఉన్నావు కదయ్యా."

"అవును సెన్సే. అదీ బాగా గుర్తుంది."

సెన్సే మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎలుకలు ఇంత బాగా చెప్పేవి కావులే," అన్నాడు.

ఆ సాయంత్రం వాన. సెన్సే గొడుగు మరిచిపోకుండా తీసుకెళ్ళాడు. అది నాది. నేను ఆయన్ను పిలవకుండా తడుస్తూ ఇంటికెళ్ళాను.