పందొమ్మిదో గాయం

సముద్రాలు దాటి సేవ చేయడానికి వచ్చిన ఆ కుర్రాడు వైద్యవిద్యలో ఇంకా రెండో ఏడు చదువుతున్నాడు. స్వదేశంలో రోగికి సూది పొడిచే అనుమతి కూడా అతనికి లేదు. ఇక్కడి ఉచిత వైద్యశాలలో మాత్రం రెండు నెలలు తిరగకుండానే పద్దెనిమిది గాయాలకు కుట్లు వేశాడు.

పందొమ్మిదవది బట్టలు కుట్టే ఆవిడది. జారిపోతున్న కత్తెరను పట్టుకోబోతే, దాని మొన కుడి బొటనవేలి మొదట్లో లోతుగా దిగింది.

“డాక్టరుగారూ, ముందు వేలు వంచమనండి. లోపల నరం తెగిందేమో,” అంది పెద్ద నర్సు.

“అంత దూరం నుంచి వచ్చాడు, నేర్చుకోనీండి సిస్టర్. ప్రతిదానికీ అడ్డుపుల్ల వేయకండి.”

ఆ కుర్రాడి భాష పెద్ద నర్సుకు వచ్చు. అయినా నోరు మూసుకుని దూది అందించింది.

ఐదు కుట్లు పడ్డాయి. ఆవిడ పంటి బిగువున నొప్పి ఓర్చుకుంటూనే నవ్వింది. “ఏం నాయనా, ఇది కాజా కుట్టా, కచ్చా కుట్టా? నా దగ్గరైతే విప్పించి మళ్లీ వేయించేదాన్ని.”

అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు.

నెల గడిచాక ఆవిడ మళ్లీ వచ్చేసరికి అతనికి వీడ్కోలు సభ జరుగుతోంది. “మీరు నేర్పినది ఏ కళాశాలా నేర్పలేదు,” అన్న అతని మాటను డాక్టరు తెలుగులో వినిపించాడు. చప్పట్లు మోగాయి.

ఆవిడ చేయి చాపి చూపించింది. మచ్చ సన్నగా మానింది. వేలు మాత్రం కర్రలా నిలబడిపోయింది.

డాక్టరు గొంతు తగ్గించాడు. “వేలిని వంచే నరం తెగి లోపలికి జారిపోయిందమ్మా. ఆ రోజే అతికించి ఉంటే వంగేది. వెళ్లేవాడికి ఇప్పుడెందుకు చెప్పడం? పాపం, బాధపడతాడు.”

“వాడి బాధ సరే. నా కత్తెర ఎవరు పట్టుకుంటారు, మీరా?”

అంతలో కుర్రాడు మచ్చను చూసి మురిసిపోయి, అందరిచేతా రాయించుకుంటున్న ఆటోగ్రాఫ్ పుస్తకాన్ని ఆవిడ ముందుంచాడు. ఆవిడ ఎడమచేత్తో, ఒక్కో అక్షరాన్నీ చెక్కినట్లు, రెండు వాక్యాలు రాసింది. తెలుగు చదవడం రాని అతను పుస్తకాన్ని గుండెలకు హత్తుకున్నాడు.

పెద్ద నర్సు ఈసారి ఊరుకోలేదు. పుస్తకం అందుకుని, అతని భాషలోనే, సభంతా వినేటట్లు చదివింది: “నువ్వు కుట్టిన వేలు వంగడం లేదు. నేనేం చేసి బతకాలి?”

కుర్రాడి ముఖం పాలిపోయింది. ఆవిడ ఆ ముఖంలోకే చూస్తూ జవాబు కోసం నిలబడింది.

అతను పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాడు. మడత వెంట గోటితో గీసి, పక్క పుటలేవీ చెదరకుండా, ఆ ఒక్క పుటనూ ఎంతో నేర్పుగా విడదీసి ఆవిడ చేతిలో పెట్టాడు.