నాటకీయ వ్యంగ్యానికి ఉదాహరణ

"కాలరు చూడు, ఎలా ముడతలు పడి ఉందో! ఇవాళ ఫొటోలు తీస్తారని చెప్పానా లేదా?" అంటూ గ్విలిమ్ చొక్కాని ఇస్త్రీబల్ల మీదికి విసిరేశాడు. అతని భార్య నెస్టా నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దింది. సాయంత్రం అబెరిస్ట్విత్ ఊళ్ళోని వాళ్ళింటికి పదిహేనుమంది టీకి వస్తున్నారు. కాలేజీలో సాహిత్యం చెప్పే గ్విలిమ్ పుస్తకం అచ్చయింది. నాటకంలో, కవిత్వంలో వాడే మాటలకు అర్థాలు చెప్పే పదకోశం.

ఆ అర్థాలు రాసింది నెస్టా. పెళ్ళికి ముందు ఆమె ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. "మరి ఇల్లెవరు చూస్తారే?" అని అత్త ఒక్క మాట అనేసరికి ఆ ఉద్యోగం పోయింది. తర్వాత ఐదేళ్ళపాటు, వంటింటి బల్ల మీద బంగాళాదుంపల తొక్కలు పక్కకు నెట్టి, ఉపమకూ రూపకానికీ తేడా ఏమిటో, రంగస్థలం మీద ఒంటరి మనిషి స్వగతం ఎవరికోసమో, పదహారేళ్ళ పిల్లకు అర్థమయ్యేలా రాసింది. గ్విలిమ్ ఆ కాగితాలు తిరగేసి, "చేతిరాత బావుంది" అనేవాడు. ముందుమాట చివర ఆమెకు దక్కింది ఒక్క వాక్యం: "ఓపికగా టైపు చేసిన నా భార్యకు కృతజ్ఞతలు." అచ్చుకు ముందు దిద్దే ప్రూఫులు మాత్రం ఆమెకు చూపించలేదు.

టీ పోస్తుంటే ముసలి పాస్టరు ఇద్రిస్ కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తెరిచాడు. "వినండి, ఎంత తేటగా ఉందో! నాటకీయ వ్యంగ్యం: పాత్రకు తెలియని సంగతి ప్రేక్షకులందరికీ తెలిసి ఉండటం." నెస్టా గర్వంగా తలెత్తింది. అది తన వాక్యమే. పాస్టరు ఇంకా చదువుతున్నాడు. "ఉదాహరణకు, భర్త ప్రియురాలికి భార్య టీ పోస్తూ, ఇంకో చెంచా చక్కెర వేయనా అని ఆప్యాయంగా అడగడం."

తను రాసిన ఉదాహరణ, విషమిచ్చిన వైద్యుడికి దండం పెట్టే రాజు గురించి. చక్కెర మాట కూడా తనదే, కానీ కాగితం మీద రాసింది కాదు. గురువారం గురువారం గ్విలిమ్‌తో నాటకాల చర్చకని వచ్చే ఎలునెడ్ అనే ఆవిడను ఈ గదిలోనే అడిగేది. ఎలునెడ్ కప్పులోకి చూస్తూ పెదవి కొరుక్కుంది. ఎవరో దగ్గారు. ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు ఒక్కడే అయోమయంగా అందరి మొహాలూ చూశాడు.

వంటింట్లోకి వెనకే వచ్చిన అత్త గొంతు తగ్గించి, "ఊరందరికీ తెలిసిందేగా! నీకూ తెలుసనుకున్నా. ముందు ఆ కేకు కొయ్యి" అంది.

గ్విలిమ్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "సరదాకి రాశానోయ్. హాస్యమంటే నీకెప్పుడు అర్థమైంది గనక?"

నెస్టా కేకు కోసింది. అందరికీ పెట్టింది. ఎలునెడ్‌కూ పెట్టింది.

సోమవారం పొద్దున భర్త కాఫీ కోసం కేకేస్తుంటే ఆమె కోటు తొడుక్కుని బయటికి నడిచింది. ఆడపిల్లల బడిలో ప్రధానోపాధ్యాయురాలు దరఖాస్తు చూసి కనుబొమలు ఎత్తింది. "ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నారమ్మా?"

నెస్టా సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది రాశానండీ."

"దీనిమీద పేరు మీ ఆయనది కదా?"

"అవునండీ. ఇందులో ఒక్క ఉదాహరణ ఆయనది. మిగతాదంతా నాది."