ప్లానులో లేని నల్లా

చేతులు రెండూ వేడినీళ్ళ గిన్నెలో పెట్టి ఇరవై నిమిషాలైనా కుడిచేతి వేళ్ళు ఇంకా విడివడలేదు. ఎడమచేతి బొటనవేలు మాత్రం కాస్త దయతలచింది. నజ్మున్నీసా ఆ ఒక్క వేలితోనే డబ్బా మూత నెట్టి, మాత్ర తీసి నోట్లో వేసుకుంది. ఆమెకు అరవై మూడేళ్ళు. తాను ఐదింటికే లేచినా, చేతులు మాత్రం ఎనిమిదింటికి గాని నిద్ర లేవవు. అవి లేచేదాకా వంటింట్లో కూర్చుని వాటిని తిట్టడం ఆమెకు అలవాటు.

"లేవుండ్రి, సోమరిపోతుల్లారా. తిని కూసుంటె అయితదా?" అని ఆవేళ కూడా తిట్టింది.

ఆ నీళ్ళు నిన్న సాయంత్రమే పట్టి పెట్టుకుంది. బాత్‌రూములో పని మూడో రోజుకొచ్చింది. పని అయ్యేదాకా సాయంత్రం ఒక్క గంటే నీళ్ళు వదులుతున్నారు. ముప్ఫై ఏళ్ళనాటి స్నానాల తొట్టిని ముక్కలు కోసి కిందికి దింపేశారు. ఆ తొట్టి గట్టు ఆమె మోకాలి కంటే ఎత్తు. పోయిన ఆగస్టులో దాన్ని దాటబోయి లోపలికి జారి, లేవలేక, కింది ఇంటావిడ వచ్చి తలుపు కొట్టేదాకా రెండు గంటలు అందులోనే పడి ఉంది. దెబ్బ పెద్దగా తగల్లేదు. కానీ సంగతి కూతురికి తెలిసిపోయింది. అదే అసలు దెబ్బ.

భర్త అజీజ్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక హోటల్లో వంటవాడిగా కుదిరితే, మూడేళ్ళ కూతురు సదియాను చంకనేసుకుని మిర్యాలగూడ నుంచి వచ్చిన మనిషి ఆమె. వచ్చిన ఏడాదే ఊరి పక్క ఎష్‌బోర్న్ ఆఫీసుల్లో శుభ్రం చేసే పనికి చేరింది. ఇరవై రెండేళ్ళు, తెల్లవారకముందే ఆ అద్దాల మేడల్లోకి వెళ్ళి, దొరలు వచ్చేలోపు బయటపడింది. అజీజ్ పోయినప్పుడు కూడా నాలుగు రోజులే సెలవు పెట్టింది. ఈ మార్చిలో కరోనా వచ్చి ఆఫీసులు ఖాళీ అయ్యాయి, ఆమెనూ రావద్దన్నారు. అన్నేళ్ళూ తుడుపుకర్ర పట్టుకుని ఎలాగో నిలబడ్డ కీళ్ళు, ఇక పట్టుకోవడానికి ఏమీ లేదని తెలిసి ఒక్కసారిగా తిరగబడ్డాయి. ఎండాకాలం ముగిసేసరికి పిడికిలి ముయ్యడం, మోకాలు ఎత్తడం రెండూ ఆమె చేతుల్లో లేకుండా పోయాయి.

ఇంట్లో సాయం కావాలని సదియా అర్జీ పెడితే, బీమా వాళ్ళ మనిషి ఇంటికొచ్చి చూడాల్సింది, కరోనా అని ఫోన్లోనే అడిగింది. మెట్లు ఎక్కగలరా? పర్వాలేదు. బొత్తాలు పెట్టుకోగలరా? పర్వాలేదు. కాళ్ళు కడుక్కోగలరా? అదీ పర్వాలేదు. నూటనాలుగు జ్వరంలో ఉన్నా, బాగున్నావా అని ముక్కూమొహం తెలియని వాళ్ళు అడిగితే మిర్యాలగూడలో ఎవరైనా చెప్పే జవాబు అదే. నజ్మున్నీసా దాన్ని పొల్లుపోకుండా జర్మన్‌లోకి మార్చి చెప్పింది, అవతలి ఆవిడ పొల్లుపోకుండా రాసుకుంది. ఈమె నిక్షేపంగా ఉంది, ఏ సాయమూ అక్కర్లేదని ఉత్తరం వచ్చింది. రెండోసారి సదియా కూడా లైన్లో కూర్చుని, తల్లి పర్వాలేదు అన్నచోటల్లా "కాదు, చేతకాదు" అని దిద్దింది. కన్నకూతురు తన చేతకానితనాలు ఒక్కొక్కటే చదువుతుంటే నజ్మున్నీసాకు నలుగురిలో నిలబెట్టి చీర లాగినట్టయింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

అలా మంజూరైంది ఈ బాత్‌రూము. దానితోపాటే ఇంకొకటి కూడా వచ్చింది. సోమవారం నుంచి వారానికి మూడు పొద్దులు ఇళ్ళకొచ్చి చేతకానివాళ్ళను చూసుకునే ఫ్లెగెడీన్‌స్ట్ నుంచి ఒక మనిషి వచ్చి ఆమెకు నడుము కింది భాగం కడిగి వెళ్తుంది. సదియా మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని, తల్లిని అడక్కుండానే ఆ మనిషి వచ్చే టెర్మిన్, అంటే రోజూ వేళా, ఖాయం చేసేసింది. ఎవరో పరాయి మనిషి తన తొడల మీద చెయ్యి వేస్తుందన్న ఊహే నజ్మున్నీసా భరించలేకపోయింది. తల్లీకూతుళ్ళు ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నజ్మున్నీసాకు కోపం తలకెక్కితే మాత్రం తెలుగు వస్తుంది. ఆ రోజు తెలుగే వచ్చింది.

"నా ఒళ్ళు నేనే కడుక్కుంట. నీ పని నువ్వు చూస్కో."

"కాళ్ళు ఎలా కడుక్కుంటావ్ అమ్మీ? వంగలేవు, ఎత్తలేవు."

"గది నా కాళ్ళకూ నాకూ మధ్య సంగతి."

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆదివారం లోపు రెండు పాదాలూ తానే కడుక్కుని ఫోన్లో చూపిస్తే సదియా టెర్మిన్ రద్దు చేస్తుంది. లేకపోతే సోమవారం ఆ మనిషి వస్తుంది, నజ్మున్నీసా తలుపు తీయాలి. ఇవాళ గురువారం.

ఎనిమిదిన్నరకు తిరుపతయ్య వచ్చాడు. జగిత్యాల వాడు, నలభై ఐదేళ్ళుంటాయి. పద్నాలుగేళ్ళు షార్జాలో ప్లంబరు పని చేసి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరిన భార్య వెంట వచ్చి, ఒక చిన్న కంపెనీలో హెల్పరుగా కుదిరాడు. రెండు నెలల కిందటే ఉద్యోగం ఖాయమైంది. మొదటి రోజు అతను తొట్టి ముక్క భుజాన వేసుకుని వరండాలో తిరుగుతుంటే, వెనక నుంచి ఈమె అలవాటుగా "పైలం బిడ్డా, గోడకు తాకుతది" అంది. అతను జర్మనీకొచ్చి నాలుగేళ్ళయింది, ఇక్కడ తనను పైలం అన్నవాళ్ళు లేరు. తిరుపతయ్య ఆ ముక్కను నేలమీద పెట్టి, మాస్కు పైనుంచి ఆమెను కాసేపు అలాగే చూశాడు. అప్పటినుంచి ఆమె అతనికి అమ్మ, అతను ఆమెకు తమ్మీ.

"నిన్న పీట బిగించిన, ఇయ్యాల గోడకు పలక కొట్టేస్త అమ్మా. పలక పడితే గోడ మూసుకపోయినట్టే. ఒకసారి కూసొని చూడు," అన్నాడు.

గోడకు మడతపీట ఉంది, పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. ఎదురుగా ఛాతీ ఎత్తులో జల్లు, దానికి తిప్పే పిడి. నజ్మున్నీసా కడ్డీ మీద మోచెయ్యి ఆన్చి కూర్చుంది. పిడిని అరచేతులతో నెట్టగలిగింది. ఒంటికి ఇబ్బంది లేదు. జల్లు గొట్టాన్ని కిందికి దించి పాదాలకు పట్టుకోబోతే వేళ్ళు మూసుకోలేదు. గొట్టం జారి నేలకు కొట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ జారింది. మూడోసారికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దుఃఖం నీళ్ళు కావు, కడుపుమంట నీళ్ళు.

"ఎవరు గీసిండ్రు తమ్మీ ఇది?"

"మా మైస్టర్, పెద్ద మేస్త్రి. అంతా నార్మ్ ప్రకారమే, సర్కారు కొలతలల్లనే ఉన్నదమ్మా."

"కాళ్ళు లేని మనిషికి గీసిండు."

తిరుపతయ్య కిందికి వంగాడు. ఆమె పాదాల వంక చూశాడు, గోడ వంక చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "వజూకేనా?"

ఆమె తల పైకెత్తింది. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే సంగతి ఈ జగిత్యాల తిరుపతయ్యకెలా తెలుసో ఆమెకు అర్థం కాలేదు.

"షార్జాల మసీదులకు వజూఖానాలు కట్టిన నేను. ఒక్కో మసీదుకు నలభై నల్లాలు. కూసునే గద్దె, ఎదురుంగ నల్లా, కింద కాల్వ. ఎంత ఎత్తుల పెట్టాల్నో ఈ చెయ్యికి ఎరుక." తన జాన చాచి గోడ మీద కొలిచాడు. "ఆడ మూరన్నర ఎత్తు పెడ్తం. నీ కాలు అంత లేవది. జానెడున్నర చాలు. పాదం జరిపితే కిందికి రావాలె, అంతే."

"పెట్టు మరి."

"ప్లానుల లేదమ్మా."

"పెట్టొద్దని ఉన్నదా?"

తిరుపతయ్య నవ్వాపుకోలేకపోయాడు. పెట్టొద్దని లేదు. ఆసుపత్రి పనిలో మిగిలిన నల్లా ఒకటి వ్యానులో ఉంది. డాక్టర్లు మోచేత్తో నెట్టే పొడుగు పిడి నల్లా. చెయ్యి అక్కర్లేదు, ముంజేత్తో నెట్టినా మడమతో నెట్టినా చాలు. గంటన్నరలో గొట్టం నుంచి పాయ తీసి, జానెడున్నర ఎత్తులో, పిడి నేలవైపు వేలాడేటట్టు దాన్ని బిగించాడు. ఆ తర్వాతే భయం పట్టుకుంది. గోడ మూసే ముందు ఫొటో తీసి మైస్టర్‌కు పంపాలి, అది కంపెనీ కట్టుబాటు. పంపితే ఏమవుతుందో తెలుసు. పంపకపోతే అంతకన్నా ఎక్కువ అవుతుంది.

"పంపు. దొంగతనంగ పెట్టించుకున్న నల్లా నాకొద్దు," అంది నజ్మున్నీసా.

పంపిన రెండు నిమిషాలకే ఫోన్ మోగింది. తిరుపతయ్య "యా, యా" అంటూ గోడవైపు తిరిగిపోతున్నాడు, చెవులు ఎర్రబడుతున్నాయి. ఆమె కాసేపు విని, ఫోన్ తన చేతిలో పెట్టమని సైగ చేసింది. రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. జర్మన్‌లో 'మీరు' అనే మాట ఆమెకు ఏనాడూ అబ్బలేదు. ఇరవై రెండేళ్ళలో మేనేజర్లనైనా, పోలీసులనైనా నువ్వు అనే పిలిచింది. మైస్టర్‌కూ అదే మర్యాద దక్కింది.

"నువ్వు విను," అంది తన జర్మన్‌లో. "ఇరవై రెండేళ్ళు మీ ఆఫీసుల బాత్‌రూములు కడిగిన. ఏ నల్లా ఎక్కడుంటే మనిషి నడుము విరుగుతదో నువ్వు గీసినవు, నేను వంగి చూసిన. నీ నార్మ్ రాసినప్పుడు నా మోకాళ్ళను అడిగిండ్రా? అడగలే. నీళ్ళు నావి, కాళ్ళు నావి. ఈ పిల్లగాన్ని ఏమన్న అంటే నేను మీ ఆఫీసుకొచ్చి కూసుంట. మాస్కు పెట్టుకోనే వస్త."

 చివరికి మైస్టర్ ఒక్క షరతు పెట్టాడు. ఈ నల్లా నేను అడిగితేనే పెట్టారు, కంపెనీకి సంబంధం లేదు అని ఆమె రాసి సంతకం చేయాలి. కాగితం బల్ల మీద పెట్టి, కలాన్ని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని, ఒక్కో అక్షరం గీసింది నజ్మున్నీసా. పదిహేను నిమిషాలు పట్టింది. సంతకం తెలుగులో పెట్టింది. ఆమె చదివిన బడి తెలుగు బడే మరి.

సాయంత్రానికి పలక బిగిసింది, నీళ్ళు వదిలారు. తిరుపతయ్య బయట వరండాలో నిలబడి తలుపు దగ్గరికి వేశాడు. లోపల ఆమె పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళదాకా జరిపి, కుడిపాదాన్ని నేలమీద ఈడ్చి నల్లా కిందికి తెచ్చింది. ఎడమ మడమతో పిడిని నెట్టింది. గోరువెచ్చని నీళ్ళు పాదం మీద పడ్డాయి. వేళ్ళ సందుల్లోకి, చీలమండ చుట్టూ పారాయి. ఎడమ పాదంతో కుడిపాదాన్ని రుద్దింది. తర్వాత దాన్ని దీనితో. ఎవరినీ పిలవలేదు, ఎవరూ చూడలేదు. ఆగస్టు తర్వాత మొదటిసారి ఆమె పాదాలు ఆమెవైనట్టు అనిపించింది. సంతోషం పట్టలేక గట్టిగానే ఏడ్చింది.

"అమ్మా, ఏమైంది?" అన్నాడు బయటి నుంచి తిరుపతయ్య.

"ఏంగాలే. నువ్వు ఛాయ్ పెట్టుకో పో."

ఆ సాయంత్రమే సదియాకు వీడియోలో చూపించింది. ఒకసారి కాదు, మూడుసార్లు కడిగి చూపించింది. నాలుగోసారి మొదలుపెట్టబోతే సదియా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "చాలు అమ్మీ, రద్దు చేస్తున్నా," అంది. సోమవారం తలుపు కొట్టినవాళ్ళు లేరు. ఆ తర్వాతి సోమవారమూ లేరు. ఐదు వారాలపాటు రోజుకు ఐదుసార్లు ఆ నల్లా మోగుతూనే ఉంది, కింది ఇంటావిడకు ఆ చప్పుడు అలవాటయింది.

జనవరి నడిమిలో నజ్మున్నీసాకు దగ్గు పట్టుకుంది. మూడో రోజు ఊపిరి అందకపోతే తానే అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుండి, పదో రోజు తెల్లవారుజామున పోయింది. వార్త ఫోన్లో వచ్చింది. శవాన్ని పెట్టిన సంచీ తెరవకూడదన్నారు. మట్టికి ముందు చేయించాల్సిన గుసుల్ స్నానం చేయించడానికి ఆడవాళ్ళు సిద్ధంగా ఉన్నా రానివ్వలేదు. నలుగురే వెళ్ళి మట్టి వేశారు.

ఫిబ్రవరిలో సదియా ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. ప్లానులో లేని నల్లా తీసేసి తాళాలివ్వాలని ఇల్లు అద్దెకిచ్చిన కంపెనీ ఉత్తరం రాస్తే, తిరుపతయ్య సామాను సంచీతో వచ్చాడు. సదియా బాత్‌రూము గుమ్మంలో నిలబడి ఉంది.

"కడక్కుండానే పంపించాం అంకుల్," అంది. "అమ్మీని ఎవరూ కడగలేదు."

తిరుపతయ్య సంచీ కింద పెట్టాడు. సదియాయే మళ్ళీ అంది. "అంబులెన్స్ అతను చెప్పాడు. వాళ్ళొచ్చేసరికి తానే తలుపు తీసిందట. స్వెట్టరు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయట, పాదాల నుంచి నీళ్ళు కారుతున్నాయట. చలికి జబ్బు చేస్తుంది, తుడుచుకోండి అంటే, పదండి పదండి అందట."

"అయితే కడుక్కొనే పోయిందమ్మా," అన్నాడు తిరుపతయ్య.  కాసేపటికి పానా తీసి నల్లా ముందు కూర్చున్నాడు.

"తీయొద్దు అంకుల్," అంది సదియా. "నేను సంతకం పెడతా. కావాలంటే వాళ్ళనే వచ్చి తీసుకోమనండి."

తిరుపతయ్య పానా సంచీలో పెట్టేసుకున్నాడు. నల్లా మెడకు కట్టిన పాత మేజోడులో గంధపు సబ్బు ముక్క ఒకటి, మడమ రుద్ది రుద్ది ఒకపక్క గుంటపడి, ఎండిపోయి వేలాడుతోంది.