లోపలివాళ్ళు

"సింక్ దగ్గర నిలబడి తింటే అది తిండి కింద రాదనుకుంటున్నావా, గోర్దా?" అన్నాడు ఎవరిస్తో, టేబుల్ దగ్గర్నుంచి లేవకుండానే.

ఎర్లిందా చేతిలో రెనే వదిలేసిన ప్లేటుంది. అందులో చిరిగిన సగం టోర్టిల్లా రొట్టె, చల్లారిన అన్నం, కొవ్వు అంటుకున్న పందిమాంసం ముక్క. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, నోట్లో వేసుకుంది. ఆదివారం భోజనానికి ఆడపడుచు రొసావురా, ఆమె కొడుకు రెనే వచ్చారు. అందరికీ వేడివేడిగా ఒక్కో టోర్టిల్లా కాల్చి అందిస్తూ ఉంటే, తన వంతు వచ్చేసరికి గిన్నెలు ఖాళీ అవుతాయి, మనుషులు చేతులు కడుక్కుంటారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె ఈ ఇంట్లో తిన్నది చాలావరకు ఇతరుల ప్లేట్లలో మిగిలిందే. మొగుడు వదిలింది, కూతురు వదిలింది, చుట్టాలు వదిలింది. ఇప్పుడు నోట్లో ఉన్న ముక్కని నమలాలో ఉమ్మెయ్యాలో తెలీక అలాగే నిలబడిపోయింది.

గోర్దా అంటే లావుపిల్ల. పెళ్ళయిన కొత్తలో ఎవరిస్తో ఆమెని లిందా అనేవాడు. పేరులో చివరి ముక్క, అందగత్తె అని అర్థం. ఏ సంవత్సరం ఆ పిలుపు పోయి ఈ పిలుపు వచ్చిందో ఆమెకి గుర్తులేదు. ముద్దుకే కదా అంటాడు. నిజమే, వలసవచ్చి ఉంటున్న నేషనల్ సిటీలో వాళ్ళ వీధి పొడుగునా మొగుళ్ళు పెళ్ళాలని పిలిచేది అలాగే. కానీ ముద్దుకి పిలిచేటప్పుడు మనిషి ముఖంలోకి చూస్తారు. అతను నడుం వైపు చూస్తాడు.

"ఒళ్ళు తగ్గే ఆపరేషన్‌కి తేదీ దొరికింది, ఎర్లిందా," అంది రొసావురా. "అక్టోబర్ పధ్నాలుగు. నాకు చేసిన డాక్టరే. కడుపులో ముప్పాతిక భాగం కోసి తీసేస్తాడు. పొద్దున్నే సరిహద్దు దాటి తిహువానా వెళ్తే మూడోరోజుకల్లా ఇంట్లో ఉంటావు."

"డిసెంబర్లో వీడి పెళ్ళి," అన్నాడు ఎవరిస్తో మేనల్లుణ్ణి చూపించి. "పెళ్ళి ఫోటోల్లో నీ పక్కన నిలబడితే నేను కనపడొద్దూ?"

రెనే నవ్వాడు. తర్వాత "ఊరికే అంటున్నాడు అత్తా," అన్నాడు.

రొసావురా నవ్వలేదు. నాలుగేళ్ళ క్రితం ఆ ఆపరేషన్ చేయించుకుని సగం మనిషి అయింది. మెడ కింద వేలాడే చర్మం కనపడకుండా స్కార్ఫ్ కట్టుకుంటుంది. మూడు చెంచాలు తిని ప్లేటు పక్కకి తోసేసి, అందరూ తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది.

ఎర్లిందా ఆ ముక్క మింగేసింది. మీరు తేదీ తీసుకునేముందు నన్ను అడిగారా అని మనసులో అనుకుంది. పైకి మాత్రం, "హోటల్లో సెలవు దొరకాలి," అంది.

ఆమె పనిచేసే హోటల్ సముద్రం ఒడ్డున ఉంటుంది. రోజుకి పధ్నాలుగు గదులు. దుప్పట్లు లాగడం, దిళ్ళు దులపడం, బాత్రూం గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఎవరివో వెంట్రుకలు ఏరడం. పన్నెండింటికి దుప్పట్ల గదిలో, వేడినీళ్ళు పోస్తే మెత్తబడే నూడుల్స్ కప్పు, ఒక తీపి సోడా. పర్యాటకులు కొరికి వదిలేసిన కేకుముక్కలుంటే అవి. ఇంటికొచ్చాక వంట. మొదట్లో పుట్టిన ఊళ్ళోలాగే నల్లబీన్స్ కుండ పెట్టేది. చేలగట్ల మీద మొలిచే ఆకుకూర ఇక్కడ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కునేది. ఎవరిస్తో రెండేళ్ళు ఊరుకుని ఒకరోజు గిన్నె వంక చూసి, "బీన్స్ తినడానికేనా ఇంతదూరం వచ్చాం? అది అక్కడి దరిద్రం. ఇక్కడ మాంసం తిందాం," అన్నాడు. తనొక్కదాని కోసం కుండ పెట్టుకోవడం ఆమెకి తోచలేదు. తెల్లపిండి టోర్టిల్లాలు, మాంసం, చక్కెర నీళ్ళు. అతను వాటిని దినమంతా గోడలు కట్టే పనిలో ఎండలో కరిగించేవాడు. అవే ఆమె మీద పేరుకున్నాయి.

వహాకా కొండల్లోని ఊరి నుంచి ఆమె ఇరవై రెండో ఏట సరిహద్దుకి ఇటు దాటింది. ఇక్కడ ఉండనిచ్చే కాగితాలు చేతికొచ్చేసరికి మరో ఇరవై రెండేళ్ళు గడిచాయి. అప్పుడు మొదటిసారి వెనక్కి వెళ్ళింది. అమ్మ పెరట్లో చాప మీద కూర్చుని బీన్స్‌లో రాళ్ళు ఏరుతోంది. చూపు బాగానే ఉంది, జ్ఞాపకమే కొంచెం కొంచెంగా పోతోంది.

"కూర్చోండమ్మా," అంది అమ్మ మర్యాదగా. "ఎవరి తాలూకు మీరు?"

"నేనమ్మా, ఎర్లిందాని."

అమ్మ ఆమె చేతుల వంక చూసింది. మెడ వంక, పొట్ట వంక తీరుబడిగా చూసింది. పొరపాటు పడ్డ చుట్టాన్ని నొప్పించకుండా నవ్వినట్టు నవ్వింది.

"మా ఎర్లిందా సన్నగా ఉంటుంది. గాలొస్తే పట్టుకోవాలి అనేవాడు వాళ్ళ నాన్న. మీరు అటునుంచే వచ్చారా? అక్కడెక్కడైనా కనపడిందా మీకు?"

ఎర్లిందా చాప అంచున కూర్చుంది. "కనపడింది. బాగానే ఉంది," అంది.

"తింటోందా?"

"తింటోంది."

అమ్మ తల ఊపి మళ్ళీ చేటలోకి వంగింది. ఆ చలికాలంలోనే అమ్మ పోయింది.

అప్పట్నుంచి హోటల్ గదుల్లో అద్దం మీద ఆవిరి తుడుస్తుంటే, తన భుజం వెనక రెండు జడల సన్నటి పిల్ల నిలబడి ఉన్నట్టుంటుంది. తిరిగి చూస్తే తువ్వాళ్ళ బండి. పట్టపగలు, కిటికీలోంచి సముద్రం మెరుస్తుంటే, ఎవరికి చెబుతుంది? ఎవరిస్తోకి ఒకసారి చెప్పబోయింది. "మీ అమ్మకి మతి పోయింది, పాపం. కానీ అబద్ధమైతే చెప్పలేదుగా," అన్నాడు.

వీటన్నిటి మధ్యా ఆమెకంటూ ఉన్న ఒక్క వ్యాపకం ఒక పరిశోధన. వలస వచ్చినవాళ్ళ ఆరోగ్యం గురించి యూనివర్సిటీ వాళ్ళు చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. గ్రసియేలా అనే నర్సు ఏడాదికోసారి పిలిచి బరువు చూస్తుంది, రక్తం తీస్తుంది, ప్రశ్నలు వేస్తుంది. ఆ ప్రశ్నల కోసమే ఎర్లిందా మానకుండా వెళ్తుంది. నిన్న ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు, మనసు ఎలా ఉంది. ఇంకెవరూ అడగరు. ఈసారి వసంతంలో, "ఎక్కడ కూర్చుని తిన్నారు, సెన్యోరా?" అని అడిగితే, "కూర్చోలేదు," అంది. గ్రసియేలా కాగితంలో ఆ జవాబుకి గడి లేదు. పక్కన చేత్తో రాసుకుంది.

అప్పుడే ఒక చిన్న డబ్బా కూడా ఇచ్చారు. ఇంట్లో దొడ్డికి వెళ్ళినప్పుడు కొంచెం అందులో పెట్టి తెచ్చివ్వాలి. పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల్ని చూస్తారట. బాత్రూం అలమారలో దాన్ని చూసి ఎవరిస్తో పగలబడి నవ్వాడు. "అంతంత చదువుకున్నవాళ్ళు నీ దొడ్డి కోసం కాచుకుని కూర్చున్నారా? మన ఇంట్లో ఇంకెవరికీ దక్కని గౌరవం ఇది, గోర్దా." ఫోన్ చేసి రొసావురాకి కూడా చెప్పాడు. ఎర్లిందా గది తలుపేసుకుని, ఆ డబ్బా మీద తన పేరు ఒక్కో అక్షరం పొందికగా రాసింది.

సెప్టెంబర్లో ఒక శనివారం పొద్దున, చర్చి పక్క హాల్లో పరిశోధనలో పాల్గొన్న వాళ్ళని పిలిచి తెలిసింది చెప్పారు. డాక్టర్ ఇబార్రా అని చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండవు. తల్లిదండ్రులు కూడా సరిహద్దు దాటి సినలోవా నుంచి వచ్చారట. పెద్ద పేర్లేవీ వాడకుండా చెప్పింది. మన పేగుల్లో కోట్లకొద్దీ జీవులుంటాయి. పుట్టేటప్పుడు మొదటి విడత అమ్మే పంచిపెడుతుంది, ఆ అమ్మకి వాళ్ళమ్మ. ఊళ్ళల్లో పీచు తిండి తినేవాళ్ళలో కొన్ని రకాలు దండిగా ఉంటాయి. ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయితే అంతగా అవి తగ్గిపోతున్నాయి. చిన్నప్పుడే వచ్చినవాళ్ళలో మరీ తక్కువ. ఒళ్ళు బాగా ఎక్కువున్నవాళ్ళలో రకాలే తక్కువ.

"అంటే అవి పోయాయి కాబట్టి లావెక్కామా, లావెక్కాం కాబట్టి పోయాయా?" అని అడిగాడు వెనక వరసలో ఒక ముసలాయన.

"అది ఇంకా తెలీదు, దోన్ ఫిదెన్సియో. రెండూ కలిసి నడుస్తున్నాయని మాత్రం తెలుసు. తెలిసినదానికంటే ఎక్కువ చెబితే మీకు అబద్ధం చెప్పినట్టు."

"మా ఆవిడ మాత్రం అంతా నా నోటి తప్పే అంటుంది," అన్నాడాయన. హాలంతా నవ్వింది.

ఆ నవ్వు ఆగాక ఎర్లిందా చెయ్యెత్తింది. నలుగురిలో ప్రశ్న అడగడం ఆమెకి అదే మొదలు. "పోయినవి ఎక్కడికి పోతాయి, డాక్టరమ్మా?"

మళ్ళీ కొందరు నవ్వారు. డాక్టర్ నవ్వలేదు. "ఎక్కడికీ పోవు, సెన్యోరా. వాటి తిండి వాటికి అందకపోతే ఉన్నచోటే చచ్చిపోతాయి."

ఎర్లిందా నడిచే ఇంటికొచ్చింది. దారంతా ఎండ, కార్ల చప్పుడు, ఎవరింట్లోంచో ఉతికిన బట్టల వాసన. ఆమెకి మాత్రం శవాలున్న ఇంట్లోంచి వస్తున్నట్టుంది. ఆ ఇల్లు తన ఒళ్ళే. అమ్మ ఇచ్చినవి, అమ్మమ్మ అమ్మకిచ్చినవి, ఆ కొండ మీద ఎన్ని తరాల ఆడవాళ్ళు ఒకరి నుంచి ఒకరు అందిస్తూ వచ్చారో, ఎడారి దాటుతున్నప్పుడు ఒంటి మీద బట్టలు తప్ప ఏమీ లేవనుకున్న రోజున కూడా తనతో దాటినవి, అవన్నీ లోపల ఒక్కొక్కటే ఆకలితో చచ్చాయి. తను ఆ వేళ ఏం చేస్తోంది? అందరి ప్లేట్లలోకి వడ్డిస్తోంది. ఎవరి ఆకలి ఎప్పుడో, ఎవరికి ఏది గిట్టదో కంఠతా వచ్చిన మనిషికి తన లోపలివాళ్ళు ఆకలితో ఉన్నారని తెలీలేదు. ఇన్నేళ్ళూ తనని తిండిపోతు అన్నారు, తనూ నమ్మింది. కరువు లోపలే నడిచింది. కూతురు ఇత్సెల్ పుట్టినప్పుడు ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయో, ఆ పిల్లకి ఏం పంచానో అనిపించి, నడుస్తున్నదల్లా ఎవరిదో గోడ పట్టుకుని ఆగిపోయింది. అమ్మ తనని గుర్తుపట్టకపోవడంలో వింతేముంది? అమ్మ తాలూకు వాళ్ళు ఎవరూ లేరు కదా లోపల, పలకరించడానికి.

ఆ వారం నుంచి గదులు తుడుస్తుంటే కడుపు మీద చెయ్యి పెట్టుకోవడం అలవాటైంది. ఏదో వినపడుతుందేమో అన్నట్టు.

అక్టోబర్ పధ్నాలుగున ఎవరిస్తో కారు నడిపాడు. రొసావురా వెనక కూర్చుంది. తిహువానాలో ఆ ఆసుపత్రి కొత్తగా, చల్లగా, ఆమె ఊడ్చే హోటల్ లాగే ఉంది. ఒక అమ్మాయి ఎర్లిందాని ఒక్కదాన్నే లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. బరువు, జబ్బులు, మందులు అన్నీ రాసుకుంది. చివరి పేజీ తిప్పి, ఇంతకుముందు వందమందిని అడిగిన గొంతుతో అడిగింది.

"ఈ ఆపరేషన్ మీ ఇష్టంతోనే చేయించుకుంటున్నారా?"

ఎర్లిందా ఆ కాగితం వంక చూసింది. ఈ జవాబుకి గడి ఉంది. రెండు గడులున్నాయి.

"కాదు," అంది.

అమ్మాయి తలెత్తింది. "భయమేస్తోందా? చాలామందికి వేస్తుంది."

"భయం కాదమ్మా. ఎప్పుడైనా నాకే కావాలనిపిస్తే నేనే వస్తాను. ఇవాళ వచ్చింది వాళ్ళు తీసుకున్న తేదీకి, అంతే."

అమ్మాయి రెండో గడిలో టిక్కు పెట్టి కలం మూసింది. "అయితే మీరు వెళ్ళొచ్చు, సెన్యోరా." ఇంత తేలికా అనుకుంటూ ఎర్లిందా లేచింది.

తిరుగుదారిలో సరిహద్దు దగ్గర కార్లు కదలడం లేదు. ఎవరిస్తో మొదటి గంట మాట్లాడలేదు. రెండో గంటలో ఆపలేదు.

"ఆ పురుగుల మీటింగువాళ్ళు నీ బుర్ర తినేశారు. రెనేకి ఏం చెప్పను, మీ అత్తకి సెలవు దొరకలేదు, అందుకే ఆపరేషన్ లేదనా? మీ అమ్మే నిన్ను చూసి గుర్తుపట్టలేదు. ఆమాత్రం సిగ్గుండొద్దూ? మేం నీ మంచికే కదా చెప్పింది."

"నా మంచేదో నన్ను అడగలేదు కదా," అంది ఎర్లిందా. గొంతు పెంచలేదు.

"అడగడానికేముంది? అక్కని చూడు. అక్కని అడుగు, బాగుందో లేదో. చెప్పక్కా."

కిటికీ అవతల ఒక ఆవిడ బుట్టలో చక్కెర అద్దిన వేడి చుర్రోలు పట్టుకుని కారు కారుకీ తిరుగుతోంది. రొసావురా కళ్ళు ఆ బుట్టతోపాటే తిరుగుతున్నాయి.

"నన్ను కూడా ఆ గదిలో అడిగారు," అంది. "ఇష్టమేనా అని. మా ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఔనన్నాను. ఆపరేషన్ బాగానే అయింది, డాక్టరు తప్పేం లేదు. రెండేళ్ళకి ఆయన ఎటో వెళ్ళిపోయాడు. నాకు రోజూ ఆ గదే కలలోకి వస్తుంది, ఎర్లిందా. కలలో కూడా ఔననే అంటాను."

ఎవరిస్తో అద్దంలోంచి అక్కని చూశాడు. ఏదో అనబోయి, ముందు కారు కదలకపోయినా హారన్ కొట్టాడు.

ఎర్లిందా తలుపు తీసింది.

"ఎక్కడికి?" అన్నాడు. "లైన్లో ఉన్నాం."

ఆమె దిగింది. రెండు వరసల కార్ల మధ్య, పొగలో, తన ఒళ్ళు పట్టేటంత సందులోంచే నాలుగడుగులు వేసి, వెనక తలుపు తీసింది.

"కొంచెం జరుగు వదినా," అంది.

రొసావురా జరిగింది.