క్యారేజీలో మోత

కోడలు ఫ్యాక్టరీ నుంచి రాగానే అత్తగారు ముందు ఆమె చేతిలో క్యారేజీ అందుకుంటుంది. పెరట్లోకి తీసుకెళ్ళి మూత తీస్తుంది. లోపలి మోత దడదడమంటూ బయటపడుతుంది. క్యారేజీని గోడకేసి బాగా దులిపి, ఆ తర్వాతే గిన్నెలు కడుగుతుంది. సీసామూతలు చేసే ఆ ఫ్యాక్టరీకి కొత్త యంత్రం వచ్చినప్పటి నుంచీ పనివాళ్ళందరి ఇళ్ళలోనూ ఇదే తంతు.

యంత్రం మాత్రం కిక్కురుమనేది కాదు. దాని మోతంతా ఖాళీ క్యారేజీల్లోకి దూరేది మరి. "ఇంత నిశ్శబ్దమైన యంత్రం ఇంకెక్కడైనా ఉందా?" అని యజమాని మురిసిపోయేవాడు. మోత తగ్గేలా యంత్రం కింద రబ్బరు దిమ్మలు వేయించమని కోడలు అడిగితే, "గేటు దాటాక అది మీదేనమ్మా, నాకేం సంబంధం?" అన్నాడు. లాభం గేటు దాటి ఆయనింటికి వెళ్తే మాత్రం అది ఆయనదే.

ఎంత దులిపినా అడుగున కొంత మిగిలేది. చంటిదానికి నిద్ర లేదు. పైవాటాలో ఉండే ఇంటావిడ ఓర్చి ఓర్చి ఒకరోజు చెప్పేసింది.

"నువ్వు మంచిదానివే తల్లీ. కానీ నా తల పగిలిపోతోంది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసేయండి."

కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇల్లు నిలబడాలంటే ఉద్యోగం మానాలి, ఉద్యోగం మానితే అద్దె ఎవరు కడతారు?

అంతలో యంత్రాన్ని చూడటానికి పెట్టుబడిదారులు వస్తున్నారని తెలిసింది. నచ్చితే అలాంటివే ఇంకొన్ని కొనడానికి డబ్బు పెడతారట. వాళ్ళ ముందు మంచివాడనిపించుకోవాలని, ఎంగిలిచేత్తో కాకిని తోలని యజమాని, "రేపు అందరికీ భోజనం నాదే!" అనేశాడు.

మర్నాడు కోడలు అలవాటుగా క్యారేజీ తీయబోతే అత్తగారు లాక్కుంది.

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, విందుకి క్యారేజీ ఎందుకే?"

"మరి మోత ఎందులో పడుతుంది అత్తయ్యా?"

"తెచ్చి పెట్టుకున్నవాడు చూసుకుంటాడులే. నువ్వు కడుపునిండా తినిరా."

అని ఊరుకోలేదు, వీధి మలుపులో నిలబడి మిగతావాళ్ళ క్యారేజీలు కూడా వెనక్కి పంపించేసింది.

యంత్రం తిరిగింది. మోత ఎప్పటిలాగే క్యారేజీల అలమారకేసి వెళ్ళింది. చూస్తే అక్కడేం లేదు. కాసేపు దిక్కుతోచక తచ్చాడి, పెట్టుబడిదారుల తోలుసంచుల్లోకి, కోటు జేబుల్లోకి, యజమాని కారు డిక్కీలోకి సర్దుకుంది. సాయంత్రం ఎవరి వాటా వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళారు.

తెల్లారి యజమాని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మా ఆవిడ నన్ను ఇల్లు ఖాళీ చేయమంటోందమ్మా," అన్నాడు, ఏడుపొక్కటే తక్కువగా.

"గేటు దాటింది కదండీ," అంది కోడలు వినయంగా. పాపం అనిపించింది గానీ నవ్వు మాత్రం ఆగలేదు.

పెట్టుబడిదారులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మధ్యాహ్నానికల్లా రబ్బరు దిమ్మలు లారీలో దిగాయి.

అవి బిగించిన సాయంత్రం అత్తగారు క్యారేజీ మూత తీసి చెవి ఆనించింది. చెంచా ఒక్కటి గల్లుమంది, అంతే. చంటిది నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కాసేపటికి ఇంటావిడ మెట్లు దిగి వచ్చి, తలుపు సందులోంచి అనుమానంగా తొంగిచూసింది.

"ఏమ్మా, చడీచప్పుడూ లేదు. అప్పుడే ఖాళీ చేసేశారా?"

"ఉన్నాం పిన్నిగారూ," అంది కోడలు, చంటిది లేవకుండా గొంతు తగ్గించి. "ఉంటాం కూడా."