చలిగీత కింద వల

నేను ఒక పాల థర్మామీటర్ని. గాజు ఒళ్ళు, లోపల సన్నని ఎర్రగీత. వేడికి అది పైకి పోతుంది, చలికి దిగుతుంది. ఉన్నదున్నట్టు చూపడం తప్ప నాకు చేతనైనది లేదు. మనుషులకు ఆ మాత్రమూ చేతకాదని కొలువులో చేరిన కొత్తలోనే తెలిసింది.

ఆ కొలువు పాలకేంద్రంలో. అక్కడి గుమాస్తా నన్ను క్యానులో ముంచి, నేను చెప్పేది చూసి, తనకు కావలసింది రాసుకునేవాడు. మరి ముంచడం ఎందుకో? అడిగామన్న తృప్తి కోసం. మనిషి వేసే ప్రశ్నలు చాలామటుకు అలాంటివే. అంకెలు వెలిగే కొత్త యంత్రం రాగానే నన్ను పాతసామాన్ల కొట్టుకు తోలేశారు. అక్కడ ఎల్లాజి చేతికి చిక్కాను.

ఎల్లాజి సముద్రం మనిషి. కొన్నేళ్ళ కిందట అన్నతో మాటా మాటా పెరిగి, "నీ గడప తొక్కితే నాను మడిసినే కాను" అని ఒట్టేసి, భార్య పైడితల్లితో ఈ కొండల నడుమ డ్యాము నీళ్ళకు వచ్చి పడ్డాడు. ఆ ఒట్టును ఇత్తడి చెంబులా రోజూ తోమి మెరిపించుకునేవాడు. ఈ వేసవిలో వలలు ఖాళీగా లేస్తున్నాయి. ఇలాగే సాగితే మూట కట్టుకుని అన్న పడవలో పనికి ఎక్కక తప్పదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడే మత్స్యకారుల సంఘానికి ఎవరో ఒకాయన వచ్చి చెప్పాడట. ఎండాకాలం ఈ జలాశయం ఒకటి కాదు, రెండు. పైన వేడినీళ్ళు, అడుగున చన్నీళ్ళు. రెండింటికీ నడుమ గీత గీసినట్టుంటుంది. ఆ గీత కింద ఊపిరి ఆడదు, చేప బతకదు. పైపైన ఎండ మంట. అందుకని చేపలు గీతకు కాస్త ఎగువనే గుమిగూడతాయి. గీత దొరికితే చేప దొరికినట్టే.

ఎల్లాజి ఆ మాటలు పొల్లుపోకుండా పైడితల్లికి అప్పజెప్పాడు. తరవాత నన్నొక మందపాటి సీసాలో దింపి, బిరడా బిగించి, కింద రాయి కట్టాడు. లోతుకు పోయాక బిరడా దారం లాగితే అక్కడి నీళ్ళు సీసాలో నిండుతాయి. వాటి చలి నాతో పైకొస్తుంది.

"ఈ పాలపుల్ల సేపల్ని సూపిత్తాదేటి మావా?" అంది పైడితల్లి తెడ్డు వేస్తూ.

"సేపల్ని కాదే, సలిని."

"సలి కావాలంటే మీ అన్న ముందుకెళ్ళి నిలబడు. నీ కాళ్ళే సెప్తాయి."

చాచిన చేతులతో తాడు కొలుస్తూ, బారకోసారి నన్ను దింపి పైకి లాగాడు. ఆరు బారల దాకా నా ఎర్రగీత ముప్ఫై దాటే ఉంది. ఏడో బార దగ్గర ఒక్కసారిగా జారి ఇరవై నాలుగు మీద ఆగింది. ఎల్లాజి సీసాను ఎండకెత్తి చూశాడు. సరిగ్గా చదివాడు. నన్ను చదివి ఔనన్నట్టు తలూపిన మొదటి మనిషి. కాస్త గర్వపడ్డాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

చదివి, వలను గీత దాటించి పది బారల లోతుకు దించాడు.

మర్నాడు వల ఖాళీగా వచ్చింది. దారాలకు ఊపిరాడని అడుగునీళ్ళ కుళ్ళిన గుడ్డు వాసన. మళ్ళీ నన్ను దింపాడు. మళ్ళీ ఏడు చెప్పాను. వల మళ్ళీ పదికే పోయింది. వారమంతా ఇదే తంతు. ముందు మూర్ఖుడనుకున్నాను. కానీ మూర్ఖుడు రకరకాలుగా తప్పుతాడు. ఒకే తప్పును ఇంత శ్రద్ధగా చేసేవాడికి అది తప్పు కాదు, కోరిక.

నాకంటే ముందే పైడితల్లి కనిపెట్టినట్టుంది.

"గీత ఏడు కాడన్నావు. వల పదికేసినావు."

"పొరపాటయ్యిందే."

"వారంనించీ ఒకటే పొరపాటా?" తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. "నీకు సేపలు పడకూడదనుంది మావా."

ఎల్లాజి ఖాళీ వలను మడత పెట్టాడు. "అన్న కబురెట్టాడు. మంచాన పడ్డాడంట. నన్ను సూడాలనుందంట."

"ఎప్పుడెట్టాడు?"

"ఉగాది ఎల్లినాక."

"ఎల్లాలనుంటే ఎల్దాం అను, నాను కాదంతానా? నోరులేని సేపలమీదకి నెట్టేత్తావేటి?"

అదీ సంగతి. కడుపు మాడి వెళ్ళడానికి ఎల్లాజి సిద్ధమే. అన్న కోసం ప్రాణం కొట్టుకుని వెళ్ళడానికే సిగ్గు. 'వెళ్ళాను' అనడం చేతకాక, 'వెళ్ళాల్సొచ్చింది' అనిపించుకోవడానికి ఇద్దరి కడుపులూ ఎండగట్టాడు.

చేతులు ఊరుకోలేక కాబోలు, నన్ను ఇంకోసారి నీళ్ళలోకి వదిలాడు. డ్యాము కట్టినప్పుడు మునిగిన అడవి ఇంకా అడుగున నిలబడే ఉంది. అందులో ఏదో కొమ్మకు తాడు చుట్టుకుంది. రెండుసార్లు గుంజాడు. నేను కదల్లేదు.

"వదిలెయ్యి మావా," అంది పైడితల్లి.

తాడు వదిలేశాడు. "ఎల్దామే," అన్నాడు. ఒక్క మాట. అది పైకి రావడానికి వేసవంతా పట్టింది. దానికంటే బరువైన రాయిని నేను వారమంతా అంతకంటే సులువుగా పైకి తెచ్చాను.

తెడ్డు చప్పుడు దూరమైంది. నేనిప్పుడు ఏడో బార దగ్గర, కొమ్మకు వేలాడుతున్నాను. నా పైన బొచ్చె చేపలు, రాగండ్లు గుంపులుగా తిరుగుతున్నాయి. ఒక్కటీ గీత దాటి కిందికి పోదు. వాటికి నన్ను చదవడం రాదు. అందుకే కాబోలు, ఉండాల్సిన చోటే ఉన్నాయి.